ఆరు మెగాపిక్సెళ్ల పొదలకూరు

బ్యాటరీ నిండుగా ఉందని చూపించే గుర్తు
శుద్ధ అబద్ధం.
నలభై ఫొటోలకు చచ్చిపోతుంది,
మంచు పడే పొద్దుల్లో ముప్పైకే.
అందుకే రెండోదాన్ని జాకెట్లో దోపుకుని
కోడి గుడ్డును పొదిగినట్టు
వెచ్చగా పెట్టుకుని బయల్దేరతాను.

ఐదున్నర.
నిమ్మకాయల మార్కెట్లో ఇంకా పాట మొదలవలేదు.
ఎనిమిదింటికి కమీషన్ కొట్లో
నేను పద్దు పుస్తకం తెరవాలి.
అప్పటిదాకా ఈ రోడ్డు నాది.

కెమెరాకి పద్దెనిమిదేళ్లు.
వెనక తెర అగ్గిపెట్టెంత.
ఒక ఫొటో మింగితే
అరిగించుకునేదాకా ఎర్రదీపం ఆరదు.
ఈలోగా ఎద్దు మెడ తిప్పేస్తుంది,
ఖాదర్ బాషా టీ ధార గ్లాసులో పడిపోతుంది.
పోనీలే,
దొరకనిది కూడా చూశాను కదా.

లెన్సు ఇంకా ముసలిది.
రష్యాలో ఏ ఊళ్లో పుట్టిందో,
ఎన్ని మెడల్లో వేలాడి వచ్చిందో.
నెల్లూరులో చెంగల్రాయుడు స్టూడియో మూసేసిన రోజు
పాతఇనుము తూకానికి పోతుంటే
అడిగి తెచ్చుకున్నాను.
'లోపల బూజు పట్టింది తల్లీ,
పెళ్లిళ్లకు పనికిరాదు' అన్నాడు.
నన్నెవరు పిలుస్తారు పెళ్లిళ్లకు అన్నాను.

దానికీ దీనికీ మాత్రం
పెళ్లి కుదరలేదు చాన్నాళ్లు.
మరలు వేరు, కాలాలు వేరు.
చివరికి స్టోన్‌హౌస్‌పేట లేతు మిషను బాజీ
ఇత్తడి కడియం ఒకటి తిప్పి
నూట యాభై రూపాయలకు
సంబంధం కలిపాడు.

ఇది తనంతట తాను దేన్నీ వెతకదు.
పాత రేడియోలో మద్రాసు స్టేషను పట్టినట్టు
వేళ్లతో తిప్పుతూ పోవాలి.
మబ్బు, మబ్బు, మబ్బు,
ఇదిగో, హమాలీ మస్తానయ్య మెడ మీద
గోనె పీచు ఒక్కటి!
వెంట్రుకవాసి దాటితే
మళ్లీ మబ్బు.

కానీ ఆ పసుపు చూడాలి.
కొత్త ఫోన్లకు నిమ్మకాయంటే ఒకటే రంగు,
గోడ మీద రాసిన పార్టీ రంగు.
దీనికి,
చెట్టున పండింది వేరు, గోనెలో మాగింది వేరు,
గజ్జి తగిలింది వేరు,
తొడిమె దగ్గర పచ్చితనం
ఇంకా మరిచిపోనిది వేరు.

సైదాపురం లారీ పోయింది.
దాని వెనక లేచిన దుమ్ములో అభ్రకం.
బూజు పట్టిన గాజు ఆ మెరుపును
ఒకచోట నిలవనీయదు,
లైటు స్తంభం చుట్టూ తిరణాల చేస్తుంది.

'ఏందిమే, పొద్దన్నే ఆ డబ్బా?
నన్ను తీసినావా? ఏదీ, చూపీ.'
కాయలు ఏరే పెంచలమ్మ.
సూర్యుడికి ఎదురుగా తీసిన ఫొటో.
ముఖం వెలుగులో కరిగిపోయింది,
గంప అంచు పాలలో ముంచినట్టు.
'మసగ్గా వచ్చింది పెద్దమ్మా,
అద్దం పాతది' అన్నాను.

తెరను ముక్కుకు ఆనించుకుని
చాలాసేపు చూసింది.
'మసకేందిమే?
నాకు ఊరంతా ఇట్టనే గదా ఉండేది.'
అనేసి, నాలుక కరుచుకుని,
గొంతు తగ్గించింది.
'రెండేళ్లయింది. ఆపరేషనంటే కూలి పోద్ది.
షావుకారుతో చెప్పబాకు.'

నేను షావుకారు గుమాస్తాను.

ఆమె ఇంకో కాయ తీసింది.
బొటనవేలు తొక్క మీద
అర చుట్టు తిరిగి ఆగింది.
రెండో రకం, ఎడమ గంపలోకి.
ఇంకోటి. మొదటి రకం.
ఒక్కసారీ తల వంచి చూడలేదు.
ఇన్నాళ్లూ అదంతా
చూపేననుకున్నాను.

నా బొటనవేలూ కడియం మీద
అర చుట్టు తిరిగి ఆగింది.
ముఖం వదిలేశాను.
ఆ వేలు, దాని కింద
నిమ్మ పులుసుకు తెల్లబడిన గోరు.
నొక్కాను.
ఎర్రదీపం.
వెలుగుతూ ఉండగానే
బ్యాటరీ పోయింది.

జాకెట్లోది తీసి మార్చలేదు.
ఎనిమిదైంది.
పెంచలమ్మ, మొదటి రకం, ఇరవై రెండు కిలోలు.
తిరిగి ఏరి చూశాను, ఒక్క కాయ తప్పు లేదు.
రాశాను.
పక్కన 'వివరం' అనే గడి ఉంటుంది.
దాన్ని ఖాళీగా వదిలి
పేజీ తిప్పాను.